బడ్జెట్ విమానంలో యూరప్‌కి: హైదరాబాద్ నుంచి నిజంగా కలిసొస్తుందా?

కొంపల్లి_98
ఇండిగో 2025 జూలైలో ముంబయి నుంచి మాంచెస్టర్‌కి, ఆమ్‌స్టర్‌డ్యామ్‌కి విమానాలు మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఈ ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. చదువులకి పిల్లల్ని పంపేవాళ్లకి ఇలాంటి కంపెనీల్లో పోవడం మేలేనా? టిక్కెట్టు రేటు ఒక్కటే కాదు, లగేజీ, ముంబయిలో మారడం, ఆలస్యమైతే ఎవరు దిక్కు, అన్నీ కలిపి చెప్పండి. విమానాల సంగతి తెలిసినవాళ్లు అసలీ పద్ధతి నిలబడేదేనా కాదా కూడా రాయండి.

రన్‌వే_09
నిలబడేదేనా అన్నది ముందు చూద్దాం. చిన్న రూట్లలో చవక ఎలా వస్తుందంటే, విమానాన్ని నేల మీద ఉంచరు. దిగిన అరగంటకి మళ్లీ లేపుతారు, దాంతో రోజుకి ఒకటో రెండో ట్రిప్పులు ఎక్కువ పడతాయి. తొమ్మిది గంటల రూట్లో ఈ కిటుకు పనిచేయదు. దూరం రూట్లలో పెద్ద కంపెనీల విమానాలు కూడా రోజులో సగానికి పైగా గాల్లోనే ఉంటాయి. ఖర్చులో ఇంధనం వాటా పెరుగుతుంది, ఇంధనం రేటు మాత్రం అందరికీ ఇంచుమించు ఒకటే. పెద్ద కంపెనీకి ముందు వరసల్లో బిజినెస్ క్లాసు డబ్బు, కింద కార్గో డబ్బు వస్తాయి కాబట్టి వెనక సీట్లు తక్కువకి ఇచ్చినా తట్టుకుంటుంది.

దూరం రూట్లలో చవకగా నడిపిన కంపెనీల చరిత్ర కూడా అదే చెబుతోంది. లేకర్ స్కైట్రెయిన్ 1977లో లండన్–న్యూయార్క్ మొదలుపెట్టి 1982లో మూతపడింది. ఒయాసిస్ హాంకాంగ్ 2006లో వచ్చి 2008లో పోయింది. ఎయిరేషియా ఎక్స్ కౌలాలంపూర్–లండన్‌ని 2009 నుంచి 2012 దాకా నడిపి ఆపేసింది. ఆ రూట్లో వాడినవి నాలుగింజన్ల ఎయిర్‌బస్ ఎ340లు, తాగే ఇంధనం ఎక్కువ. నార్వే కంపెనీ నార్వేజియన్ నడిపిన బోయింగ్ 787ల్లో రోల్స్‌రాయిస్ ట్రెంట్ 1000 ఇంజన్లు మొరాయించి విమానాలు నేల మీద కూర్చున్నాయి. ఆపైన కరోనా వచ్చింది, 2021 జనవరిలో దూరం రూట్లన్నీ వదిలేశారు. స్కూట్ 2012 నుంచీ నడుస్తోందంటే వెనక సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఉంది, ఆ నెట్‌వర్క్ నుంచి ప్రయాణికులు వచ్చి చేరుతారు. ఇండిగోకి దేశంలో ఊరూరికీ ఉన్న రూట్లు అలాంటి బలమే. నా లెక్కలో దీనికి కలిసొచ్చే అసలు విషయం అదే.

నారాయణగూడ_నావ్
అన్నా, విమానం సైజు సంగతి కూడా చెప్పాలి. ముంబయి రూట్లకి తెచ్చింది నార్స్ అట్లాంటిక్ నుంచి లీజుకి తీసుకున్న 787-9. 338 సీట్లు: ప్రీమియం 56, ఎకానమీ 282. చలికాలం మంగళవారం రాత్రి కూడా అన్ని సీట్లు నిండాలంటే కష్టం. అందుకే నా చూపంతా ఎయిర్‌బస్ చిన్న విమానం ఎ321ఎక్స్‌ఎల్‌ఆర్ మీద ఉంది. ఒకే నడవ ఉన్న విమానం, వెనక 12,900 లీటర్ల అదనపు ట్యాంకు, కంపెనీ చెప్పే రేంజి 8,700 కిలోమీటర్లు.

శంషాబాద్ నుంచి నేరుగా గీత గీస్తే ఇస్తాంబుల్ దాదాపు 5,400, ఏథెన్స్ 5,750, టోక్యో 6,400, లండన్ 7,750 కిలోమీటర్లు. కాగితం మీద లండన్ కూడా అందుతుంది. నడపడానికి వచ్చేసరికి అందదు. పడమటికి పోయేటప్పుడు చలికాలంలో ఎదురుగాలి గట్టిగా ఉంటుంది. 2025 ఏప్రిల్ 24 నుంచి పాకిస్తాన్ మన విమానాలకి గగనతలం మూసేయడంతో చుట్టు తిరుగుడు పడింది. దిగాల్సిన చోట పొగమంచు ఉంటే ఇంకో ఎయిర్‌పోర్టుకి పోయేంత ఇంధనం, ఆపైన అరగంట చక్కర్లకి సరిపడా మిగలాలి. ఇవన్నీ తీసేస్తే నిండు సీట్లతో ఏథెన్స్, ఇస్తాంబుల్ దాకా హాయిగా పోతుంది, లండన్‌కి సీట్లు ఖాళీగా వదలాల్సి వస్తుంది. డాలస్ 14,400 కిలోమీటర్లు, దానికి ఎయిర్‌బస్ పెద్ద విమానం ఎ350 లాంటిదే కావాలి. ఇండిగో 2024లో ఎ350-900లు 30 ఆర్డర్ పెట్టింది.

అమీర్‌పేట్_టికెటింగ్
కొనేవాళ్లకి పనికొచ్చే మాట నేను చెబుతా. హైదరాబాద్–ముంబయి, ముంబయి–యూరప్ రెండూ ఒకే పీఎన్‌ఆర్‌లో ఉండాలి. విడివిడిగా కొంటే వెయ్యి, రెండు వేలు తగ్గినట్టు కనిపిస్తుంది. ఎక్కడ దెబ్బ తగులుతుందంటే:

దేశీయ టిక్కెట్టుకి చెకిన్ బ్యాగు మామూలుగా 15 కిలోలే. పెద్ద ప్రయాణానికి 30 కిలోలు కట్టుకుని వస్తే శంషాబాద్ కౌంటర్లోనే 15 కిలోలకి అదనపు చార్జీ పడుతుంది. మిగిలిందనుకున్న డబ్బు అక్కడే పోతుంది.

ముంబయిలో దేశీయ విమానం టీ1లో (ఒకటో టెర్మినల్) దిగుతుందా, టీ2లో దిగుతుందా టిక్కెట్టు మీద చూసుకోండి. టీ1 అయితే బయటికొచ్చి రోడ్డు మీద టీ2కి పోవాలి, వానాకాలం సాయంత్రాల్లో ఆ రోడ్డుని నమ్మలేం. ఇమిగ్రేషన్ ముంబయిలోనే అవుతుంది. రెండు విమానాల మధ్య నాలుగు గంటలు పెట్టుకోమంటాను. విడి టిక్కెట్లయితే ఆరు.

మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా, ఒకే పీఎన్‌ఆర్ అయితే తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత కంపెనీది. విడి పీఎన్‌ఆర్ అయితే మీరు రానట్టే రాసుకుంటారు, చాలా ఫేర్లలో పైసా వెనక్కి రాదు.

కొంపల్లి_98
తిరుగు ప్రయాణంలో బ్యాగు నేరుగా హైదరాబాద్‌కి వస్తుంది కదండీ?

అమీర్‌పేట్_టికెటింగ్
రాదండీ. ట్యాగు మీద హైదరాబాద్ కోడ్ హెచ్‌వైడీ అని ఉన్నా, ముంబయిలో బెల్టు మీద నుంచి తీసుకుని, కస్టమ్స్ దాటి, ట్రాన్స్‌ఫర్ కౌంటర్లో మళ్లీ ఇవ్వాలి. చాలామంది ట్యాగు చూసి బ్యాగు అక్కడే వదిలేసి వస్తారు.

మెహిదీపట్నం_క్లెయిమ్స్
ఆలస్యం గురించి. యూరప్ నుంచి బయల్దేరే ఏ కంపెనీ విమానానికైనా ఆలస్యానికి పరిహారం ఇప్పించే ఈయూ (యూరోపియన్ యూనియన్) 261 నిబంధన వర్తిస్తుంది. 3,500 కిలోమీటర్లు దాటిన రూట్లో నాలుగు గంటలు, ఆపైన ఆలస్యంగా చేరితే మనిషికి 600 యూరోలు. బ్రిటన్ నుంచి అయితే 520 పౌండ్లు. మూడు, నాలుగు గంటల మధ్య అయితే సగం. ఒకే బుకింగ్ అయితే ఆలస్యం లెక్క ఆఖరి ఊరిది, అంటే హైదరాబాద్‌లో దిగిన టైమ్. వాతావరణం లాంటివి మినహాయింపు, విమానంలో మామూలు సాంకేతిక లోపం మినహాయింపు కాదు. విమానం లీజుదని తప్పించుకోవడానికి లేదు, సిబ్బందితో సహా లీజుకి తెచ్చుకున్నా ఫ్లైటు నడపాలని నిర్ణయించిన కంపెనీదే బాధ్యత. ఇక్కణ్నుంచి పోయేటప్పుడు మాత్రం మన కంపెనీలకి ఇది వర్తించదు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలే దిక్కు.

బ్యాగు పగిలితే బెల్టు దగ్గరే పీఐఆర్ (బ్యాగు నష్టం గురించి కంపెనీ ఇచ్చే రిపోర్టు) రాయించుకోండి. రాతపూర్వక ఫిర్యాదుకి ఏడు రోజులు గడువు, ఆలస్యంగా వచ్చిన బ్యాగుకి 21 రోజులు.

బర్కత్‌పుర_వంటిల్లు
బ్యాగులో పెట్టేవాటి గురించి ఒక్క మాట. ఈయూలోకి మాంసం, పాల పదార్థాలు తీసుకుపోకూడదు. కాబట్టి చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇంట్లోనే ఉంచండి. పచ్చి కరివేపాకు కూడా వద్దు, మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ లేకుండా ఆకులు రానివ్వరు. కరివేపాకు పొడి పర్లేదు. ఎండుకొబ్బరి చిప్పల్లో నూనె ఉంటుంది, నిప్పంటుకునే సరుకు కింద చెకిన్ బ్యాగులోంచి తీయించేస్తారు. ఆవకాయ చేతి సంచిలో వద్దు, చెకిన్‌లోనే. సీసా మూత కింద ప్లాస్టిక్ కవరు ముక్క పెట్టి బిగించి, పైన టేపు చుట్టి, రెండు జిప్ కవర్లలో వేసి బట్టల మధ్యలో నిలబెట్టండి. సీసా అంచు దాకా నింపకండి, రెండు వేళ్లు ఖాళీ ఉంచండి. పైన గాలి ఒత్తిడి తగ్గినప్పుడు ముక్కల మధ్య చిక్కిన గాలి ఉబ్బుతుంది, సీసా నిండుగా ఉంటే నూనె మూత దగ్గర కారుతుంది.

అమీర్‌పేట్_టికెటింగ్
పవర్‌బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్లు, 100 లోపు కాబట్టి ఇబ్బంది లేదు. కొలత అచ్చు చెరిగిపోయినదైతే సెక్యూరిటీలో తీసేసుకుంటారు, కనిపించేలా ఉన్నదే పట్టుకెళ్లండి.