కోర్మోరాన్ చేసింది యుద్ధతంత్రమా, దగానా?

తెరచాప: 1941 నవంబరు 19, పశ్చిమ ఆస్ట్రేలియా తీరానికి ఆవల. స్టైయర్‌మార్క్ అనే సరుకు ఓడకు జర్మన్లు ఆరు 15 సెంటీమీటర్ల ఫిరంగులు బిగించి కోర్మోరాన్ (మన నీటికాకి) అని పేరు పెట్టారు. ఆ రోజు అది ‘స్ట్రాట్ మలక్కా’ అనే డచ్చి ఓడ వేషంలో ఉంది. ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీ కిలోమీటరు దూరానికి వచ్చి రహస్య సంకేతం అడిగేసరికి కోర్మోరాన్ కాల్చింది. సిడ్నీలో 645 మందీ పోయారు. ఇది దగా కాక మరేమిటి?

లంగరు: పరాయి జెండాతో తిరగవచ్చు. కాల్చే ముందు సొంత జెండా ఎగరేయాలి, నియమం అంతే. కెప్టెన్ డెట్మర్స్ ఎగరేశాకే కాల్పించాడు.

తెరచాప: ఎంతసేపట్లో? ఆరు సెకన్లట! ఆయన చెప్పిన లెక్కే. ఆగస్టు 15న మా వీధిలో జెండా ముడి విప్పడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది.

గోదారిగట్టు: మద్రాసు మీద గుండ్లు కురిపించింది ఇదేనా?

లంగరు: కాదండీ. అది 1914 నాటి ఎండెన్, పుట్టుకతోనే యుద్ధనౌక. ఇది 1941 జూన్‌లో మద్రాసు దగ్గర మైన్లు (నీటి మందుపాతరలు) వేయబోయి, మరో పెద్ద ఓడ కనబడితే వెనక్కి తగ్గింది. అదే నెల 26న బంగాళాఖాతంలో రెండు సరుకు ఓడలను దెబ్బతీసింది.

తెరచాప: మాట మార్చకండి. ఆరు సెకన్లు!

లంగరు: సిడ్నీ కెప్టెన్ బర్నెట్ అంత దగ్గరికి ఎందుకు వెళ్లాడు? ఫిరంగులు రేకుల చాటున ఉన్నాయి, సరే. అనుమానం ఉన్నవాడు దూరంగా నిలబడడా? తప్పు ఆయనదే.

తెరచాప: అనుకున్నాను, చివరికి చచ్చినవాడి మీదకే వస్తారని. మా అన్న పనిచేసే చోట బాయిలరు పేలి పోయాడు. బతికిన ఇద్దరూ ‘వాల్వు తిప్పింది ఆయనే’ అన్నారు. ఆ కాగితం మీద మా అమ్మ చేత వేలిముద్ర వేయించారు. సిడ్నీలో ఒక్కడూ మిగల్లేదు, కోర్మోరాన్‌లో మూడు వందలకు పైగా బతికారు. ఆ ఆరు సెకన్లు లెక్కపెట్టింది ఎవరండీ?

చుక్కాని: లంగరు గారూ, ఇక వదిలేయండి.

లంగరు: మీ అన్నగారి సంగతి తెలియక అన్నాను. కానీ 2008లో మునిగిన రెండు ఓడలూ సముద్రం అడుగున దొరికాయి. సిడ్నీ ముందుభాగం విరిగి విడిగా పడి ఉంది, జర్మన్లు చెప్పిన టార్పెడో దెబ్బకు సరిపోయింది. మరుసటి ఏడు విచారణ కమిషన్ అక్రమ దాడి ఆరోపణను కొట్టివేసింది. బతికినవాళ్లంతా అబద్ధాలకోరులు కారు.

తెరచాప: టార్పెడో దెబ్బ ఇనుము చూపిస్తుంది. జెండా ఎప్పుడు లేచిందో ఇనుము చెప్పదు.

లంగరు: బర్నెట్‌ను అన్న మాట వెనక్కి తీసుకుంటాను. జెండా మాట తీసుకోను.

గోదారిగట్టు: ఇంతకీ ఆ నీటికాకి ఏమైంది?

లంగరు: మంటలు మైన్ల వైపు పాకుతుంటే, అర్ధరాత్రి వాళ్లే పేల్చి ముంచుకున్నారు.