పెళ్లి మండపానికి దగ్గరి తోటల పూలా, దూరం నుంచి తెప్పించే పూలా?

పెళ్లికూతురి అన్న:
చెల్లి పెళ్లి ఫిబ్రవరి రెండో వారంలో, శంకరపల్లి దగ్గర ఫంక్షన్ హాల్లో. డెకరేటర్ చూపించిన ఫొటోల్లో అన్నీ ఆర్కిడ్లు, కార్నేషన్లు, తెల్ల గులాబీలే. ఆర్కిడ్లు థాయ్‌లాండ్ నుంచి, మిగతావి బెంగళూరు, హోసూరు వైపు నుంచి వస్తాయట. నాన్నేమో "చుట్టూ పూలతోటలుండగా అంత దూరం నుంచి ఎందుకురా" అంటున్నారు. ఇక్కడి రైతుల దగ్గర ఆ నెలలో పూసే పూలతోనే మండపం మొత్తం అవుతుందా?

డెకరేటర్, హైదరాబాద్:
నాన్నగారి మాట కాదనను గానీ, ముహూర్తం ఎవరి కోసమూ ఆగదండీ. రాత్రికి పూలు దిగకపోతే తెల్లారి తిట్లు తినేది మేమే. పాలీహౌస్‌లో, అంటే ప్లాస్టిక్ షీట్ కప్పిన షెడ్డులో పెంచే గులాబీలు ఒకే పొడవు కాడలతో, కట్టలు కట్టి, చల్లటి గదిలో ఉంచి పంపుతారు. మొగ్గ మీద తెచ్చుకుంటే రెండు మూడు రోజులు భయం లేదు. బయట పొలంలో బంతి మీద వాన పడిందా, నీళ్లు పట్టి నల్లబడిపోతుంది. పైగా ఇప్పుడు అందరూ లేత రంగులే అడుగుతున్నారు.

పూల రైతు, చేవెళ్ల:
అన్నా, మీ టెన్షన్ నాకు అర్థమైంది. కానీ మీరు మా దగ్గరికి వచ్చేదే పెళ్లి రేపనగా. అప్పటికి చేనులో ఏది ఉంటే అదే ఇస్తాం, బాగోలేదంటారు. హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో కొన్నంత మాత్రాన అది ఇక్కడి పూవూ కాదు, అక్కడికి పక్క రాష్ట్రాల సరుకూ దిగుతుంది.

బంతి నారు నాటితే 50-60 రోజులకు కోతకొస్తుంది, చలికాలంలో ఇంకొంచెం ఆలస్యం. ఫిబ్రవరి రెండో వారం పెళ్లంటే డిసెంబరు మొదటి వారానికల్లా నారు నేలలో పడాలి. ఆ రోజుల్లో వచ్చి, ఇన్ని కిలోలు, ఈ రంగు, ఈ ధర అని మాట్లాడుకుని కొంత అడ్వాన్సు ఇస్తే ఏ రైతైనా మీ కోసమే ఒక మడి పెడతాడు. ఇప్పుడు జరిగేదేంటి? దసరా, దీపావళి చూసుకుని అందరం ఒకేసారి నాటుతాం, ఒకేసారి కోస్తాం. ధర పడిపోతే కోత కూలి కూడా రాదు. పూసిన చేనును దున్నేసిన వాళ్లను నేను చూశాను. ముందే మాటిచ్చిన పెళ్లి ఒకటి ఉంటే ఆ రైతుకు ఎంత ధైర్యమో!

లేత రంగులంటారా, తెల్ల చామంతి ఉంది, లిల్లీ ఉంది. కాడలే కావాలంటే మొయినాబాద్, చేవెళ్ల పాలీహౌస్‌లలో జర్బెరా దొరుకుతుంది, అది కూడా ఇక్కడిదే కదా.

గృహిణి, రాజమహేంద్రవరం:
బాబూ, ఫిబ్రవరిలో మండపం నిండా మల్లెలు కావాలని మాత్రం పట్టుబట్టకండి. మల్లె దండిగా విరిసేది వేసవిలోనే, ముందు తెచ్చిందానికి ధర మండుతుంది. మా ఇంట్లో మాఘం పెళ్లికి చామంతి, బంతి, వైశాఖం పెళ్లికి మల్లెలు వాడాం. రెండూ మా ఊరి దగ్గరి కడియపులంక నుంచే. దారానికి గుచ్చిన దండలకు కాడలు గుచ్చి నిలబెట్టే ఆ ఆకుపచ్చ ఫోమ్ ఇటుకలు అక్కర్లేదు. అది ప్లాస్టిక్, మట్టిలో కలవదు. నాకైతే దూరం కన్నా అదే పెద్ద బాధ.

డెకరేటర్, హైదరాబాద్:
దండలకు, తోరణాలకు ఒప్పుకుంటాను. స్టేజీ వెనుక గోడకు మాత్రం కాడల పూలే కావాలి. ఇంతకీ అడ్వాన్సు తీసుకున్నాక పంట పోతే?

పూల రైతు, చేవెళ్ల:
ఒక్కరికే అప్పగించకండి. వేర్వేరు ఊళ్లలో ఇద్దరికి చెరి సగం చెప్పండి, నాట్లు నాలుగైదు రోజుల తేడాతో వేయించండి. పెళ్లికి పది రోజుల ముందు చేను చూసుకోండి. మొగ్గ పలచగా ఉంటే ఆ లోటు వరకు మార్కెట్లో కొనుక్కోవడానికి టైం ఉంటుంది. డబ్బు మాత్రం పూలు దించిన రోజే ఇవ్వాలన్నా. పెళ్లి సీజన్ అయ్యాక ఇస్తామంటే మేం మళ్లీ నారు కొనలేం.