స్కానుకూ రిపోర్టుకూ మధ్య అమ్మకు ధైర్యం ఎలా చెప్పాలి?

అమ్మ బెంగళూరులో ఊపిరితిత్తుల క్యాన్సర్ మందు ట్రయల్‌లో ఉంది. 8 వారాలకోసారి సీటీ స్కాన్, రిపోర్టుకు మూడు రోజులు. మాత్రలు, రక్తపరీక్షలు, నీరసం అన్నీ ఓర్చుకుంటుంది గానీ ఆ మూడు రోజులే గండం. కలిపిన అన్నం కంచంలోనే ఎండిపోతుంది, రాత్రంతా కునుకుండదు. "గడ్డ పెరిగితే మందు ఆపేస్తారు కదరా" అంటుంది.

కొత్త మచ్చలేవీ లేకుండా, గడ్డల కొలతల మొత్తం మునుపటి అతి తక్కువ కొలత కంటే కనీసం 20 శాతం పెరగకపోతే సాధారణంగా జబ్బు ముదిరినట్టు కాదని డాక్టరు చెప్పారు. నేనూ కాగితం మీద గీసి చూపించాను. వింటుంది, తెల్లారేసరికి మళ్లీ అదే భయం. ప్రాణాయామం, విష్ణు సహస్రనామం, ఊరి నుంచి పిన్నిని రప్పించడం... పగటిపూట కాస్త నయం, అంతే. ట్రయల్ డాక్టరు నిద్రమాత్రలు వద్దన్నారు.

ఇలాంటి ట్రయల్‌లో ఉన్నవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు చెప్పండి: రిపోర్టు వచ్చేదాకా ఆ రాత్రుళ్లు ఆశ వదలకుండా గడపడానికి మీకు నిజంగా పనికొచ్చినదేమిటి?