ఫోన్ గేమ్‌లో గాజుల గలగలకు ఏ ఆడియో సెట్టింగ్ పెట్టాలి?

ప్రశ్న:
నమస్కారం. పాతబస్తీ సందుల్లో ఆటో నడిపే ఫోన్ గేమ్ ఒకటి మేమిద్దరం మిత్రులం కలిసి యూనిటీలో (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) తయారుచేస్తున్నాము. లాడ్ బజార్ గాజుల గలగల, ఆటో ఇంజిన్, బేరాల సందడి వంటి సుమారు 300 శబ్దాలను 96 కిలోహెర్ట్జ్ (సెకనుకు 96 వేల శాంపిళ్ళు, అంటే శబ్దపు కొలతలు), 24 బిట్ (ఒక్కో కొలత సూక్ష్మత), స్టీరియోలో రికార్డు చేయడంతో ఆడియో ఫోల్డరే 400 ఎంబీ అయింది. బరువు తగ్గుతుందని అన్నింటినీ 64 కేబీపీఎస్ ఎంపీ3గా మార్చితే, గాజులను తడిగుడ్డలో చుట్టి కదిపినట్టు వినిపిస్తోంది. ఇంజిన్ శబ్దం లూప్ తిరిగి మొదలైన ప్రతిసారీ చిన్న ఎక్కిలి కూడా వస్తోంది. అనుభవమున్నవారు దారి చూపగలరు.

మొదటి సమాధానం:
అసలు రికార్డింగులను మాత్రం చెరపకండి. శబ్దాన్ని సాగదీసి, స్థాయి (పిచ్) దించి మరో శబ్దంగా మలచాలనుకున్నప్పుడు 96 కిలోహెర్ట్జ్ ఎంతో అక్కరకొస్తుంది. గేమ్‌లోకి వెళ్ళే ప్రతికి అంత అవసరం లేదు. మనిషి చెవి వినగలిగేది దాదాపు 20 కిలోహెర్ట్జ్ వరకే కనుక, శాంపిళ్ళ వేగం దానికి రెట్టింపు కన్నా కాస్త ఎక్కువగా, 44.1 గాని 48 గాని ఉంటే చాలు. 16 బిట్ ఇచ్చే 96 డెసిబెల్ల వ్యాప్తి (అతి మెల్లని, అతి పెద్ద శబ్దాల మధ్య తేడా) ఫోన్‌కు ఎక్కువే. ఇక ఆటో కుడివైపు నుంచి వస్తోందో ఎడమవైపు నుంచి వస్తోందో గేమ్ ఇంజినే (యూనిటీయే) లెక్కకట్టి వినిపిస్తుంది కాబట్టి, ఒక చోటు నుంచి పుట్టే శబ్దాలన్నీ మోనోలో (ఒకే చానెల్‌లో) ఉండాలి. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనోకు మార్చితే మీ ఫోల్డరు సరిగ్గా ఆరో వంతుకు దిగుతుంది.

రెండో సమాధానం:
ఎక్కిలికి కారణం ఎంపీ3 నిర్మాణమే. అది శబ్దాన్ని 1152 శాంపిళ్ళ ముక్కలుగా కోస్తూ, మొదట, చివర కొంత నిశ్శబ్దాన్ని చేరుస్తుంది. పైగా మీరిచ్చిన ఎంపీ3ని యూనిటీ మళ్ళీ కుదిస్తుంది కనుక నష్టం రెండుసార్లు జరుగుతోంది. కుదించని వేవ్ ఫైళ్ళనే ఇచ్చి, కుదింపు పద్ధతిని యూనిటీలోనే ఎంచుకోండి. మాటిమాటికీ మోగే చిన్న శబ్దాలకు ఏడీపీసీఎం అనే తేలికపాటి కుదింపు మంచిది. పరిమాణం మూడున్నర రెట్లు తగ్గుతుంది, ప్రాసెసరుపై భారం పెద్దగా పడదు. బజారు సందడి వంటి పొడవైనవాటికి ఇంకా గట్టిగా కుదించే వోర్బిస్ పెట్టి, లోడ్ టైప్‌లో స్ట్రీమింగ్ (ఫైలును కొద్దికొద్దిగా చదివే పద్ధతి) ఎంచుకోండి. ఇంజిన్ గురగురను 22.05 కిలోహెర్ట్జ్‌కు దించినా ఎవరూ పసిగట్టలేరు. గాజులకు ఆ పని చేయకండి, ఎందుకంటే వాటి మెరుపంతా ఆ కోతలో పోయే పై స్థాయిలోనే ఉంటుంది. అరసెకను గాజుల శబ్దం ఏ కుదింపూ లేకుండా పీసీఎంలో ఉంచినా 48 కేబీయే. అక్కడ పిసినారితనం ఎందుకు?

మూడో సమాధానం:
స్టూడియో హెడ్‌ఫోన్లలో విని తీర్పు చెప్పకండి. చవక ఫోన్ స్పీకరులో, వీలైతే బస్సులో కూర్చుని వినండి. మా అమీర్‌పేట గదిలో సీలింగ్ ఫ్యాను హోరుతో సహా రికార్డు చేసి, ఆ తప్పును సెట్టింగులతో సరిదిద్దబోయి నేను వారం రోజులు పోగొట్టుకున్నాను.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనోకు మార్చగానే ఫోల్డరు 67 ఎంబీకి వచ్చింది. గాజులను పీసీఎంలోనే ఉంచి మిగతా చిన్న శబ్దాలకు ఏడీపీసీఎం పెట్టాను. ఇంజిన్ ఎక్కిలి పోయింది. బేరాల సందడిలో మాత్రం ఫ్యాను హోరు మాకూ దొరికింది; ఆదివారం మళ్ళీ చార్మినార్ వైపు వెళ్తున్నాము.