దుబాయ్‌లో కర్రీ పాయింట్ కోసం కొబ్బరితోట తాకట్టు పెట్టొచ్చా?

మలికిపురం కుర్రాడు:
అందరికీ నమస్కారమండి. అయిదేళ్లుగా దుబాయ్‌లో ఒక హోటల్ వంటగదిలో పని చేస్తున్నాను. సత్వాలో చిన్న షాపు ఖాళీ అయింది, మనవాళ్ల కోసం కర్రీ పాయింట్ పెడదామని ఆశ. 2021 నుంచి లోకల్ స్పాన్సర్, అంటే వాటాదారుగా ఇక్కడి పౌరుడు, లేకుండా మొత్తం వాటా మన పేరునే ఉంచుకోవచ్చంటున్నారు కదా. సగం డబ్బు నా దగ్గరుంది. మిగతాదానికి నాన్నగారు 70 సెంట్ల తోట తాకట్టు పెడతానంటున్నారు. షాపాయన ఏడాది అద్దెకి మూడు నెలలకొకటి చొప్పున తేదీలు వేసి నాలుగు చెక్కులు ముందే అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా?

రాజోలు వంటమనిషి:
తమ్ముడూ, నీ పోస్టు చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. 2018లో నేను అచ్చం ఇదే చేశాను. కరామాలో షాపు, నాలుగు చెక్కులు, తాకట్టులో మా ఎకరం తోట.

తాళం చేతికొచ్చిన రోజు నుంచే అద్దె లెక్క మొదలు. పొయ్యి మాత్రం వెంటనే వెలిగించనివ్వరు. మునిసిపాలిటీ వాళ్లు ప్లాను చూడాలి, పొగ గొట్టం, నూనె జిడ్డు కాలువలోకి పోకుండా ఆపే గ్రీజ్ ట్రాప్ పెట్టాలి, అగ్నిప్రమాదాల భద్రత చూసే సివిల్ డిఫెన్స్ అనుమతి రావాలి. మాకు నాలుగు నెలలు పట్టింది. మొదటి పులిహోర పొట్లం అమ్మేనాటికి రెండు చెక్కులు పాసైపోయాయి.

వ్యాపారం బాగానే నడిచింది. శుక్రవారం రొయ్యల ఇగురు ఒంటిగంటకల్లా అయిపోయేది. 2020 మార్చిలో కూర్చుని తినడం ఆపేశారు. పార్సిళ్ల మీద అద్దె వెళ్లలేదు. జూన్‌లో చెక్కు తిరిగొచ్చింది. అప్పట్లో అది క్రిమినల్ కేసే. జరిమానా కట్టాను, అయినా బాకీ తీరేదాకా దేశం దాటనివ్వలేదు. ప్రత్యేక విమానాల్లో మనవాళ్లంతా ఊళ్లకి వెళ్తుంటే, అంతర్వేది సంగమం దగ్గర మా తమ్ముడు అమ్మ సంవత్సరీకం పెట్టడం నేను ఫోన్లో చూశాను.

ఫ్రిజ్‌లు, పొయ్యిలు వచ్చిన ధరకి ఇచ్చేశాను. ఇంకా తగ్గిన 11,000 దిర్హాములు గదిలోవాళ్లు సర్దారు. ఇద్దరు మేస్త్రీలు, ఒక డ్రైవరు. వాళ్లకీ ఆ నెలల్లో సగం జీతమే. ఆ ముగ్గురి రుణం నేను డబ్బుతో తీర్చాను గానీ అది తీరేది కాదు. తోట దక్కలేదు. ఇప్పుడు ఊరెళ్తే ఆ గట్టు వైపు వెళ్లలేను.

2022లో మళ్లీ మొదలెట్టాను, షాపు లేకుండా. నలుగురు కలిసి వాడుకునే లైసెన్సున్న వంటగదిలో ఒక పొయ్యి, ఏ నెల అద్దె ఆ నెలే. 22 మందికి భోజనం డబ్బాలు, డబ్బు నెల మొదట్లోనే తీసుకునేవాణ్ణి. ఇప్పుడు రోజూ 140 డబ్బాలు వెళ్తున్నాయి. నువ్వూ అలా మొదలెట్టు. షాపే కావాలనుకుంటే, అనుమతులొచ్చేదాకా అద్దె వద్దని అడుగు. ఒప్పుకునేవాళ్లున్నారు, కాగితం మీద రాయించుకో. తోట జోలికి మాత్రం వెళ్లకు.

అంబాజీపేట అక్క:
బాబూ, నేను ఇక్కడే లెక్కలు చూసే ఉద్యోగం చేస్తాను. 2022 జనవరి నుంచి ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే మామూలుగా క్రిమినల్ కేసు పెట్టరు. అది విని ధైర్యపడకు. ఆ చెక్కునే పట్టుకుని నేరుగా కోర్టు వసూలుకి వెళ్లొచ్చు, ఇదివరకటికన్నా తొందరగా మీద పడతారు. ఇంకోటి, అమ్మకాలు ఏడాదికి 375,000 దిర్హాములు దాటితే వ్యాట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ 5 శాతం ముందే ధరలో చూసుకోకపోతే నీ జేబులోంచే పోతుంది.

మలికిపురం కుర్రాడు:
అన్నయ్యా, అక్కా, ఇప్పుడే నాన్నగారికి ఫోన్ చేశాను. రేపు బ్యాంకుకి వెళ్లొద్దని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఈసారి కొబ్బరికాయల దింపు బాగుందిరా" అన్నారు. అన్నయ్యా, మీ వంటగది ఒకసారి చూడొచ్చా?

రాజోలు వంటమనిషి:
ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి రా. డబ్బాలు కట్టేటప్పుడే చూడాలి.