34 ఏళ్ల వయసు, ఇద్దరు పిల్లలు: జీఎన్ఎం మేలా, డీఎంఎల్‌టీ మేలా?

ఖమ్మం_కోడలు (ప్రశ్న)

అందరికీ నమస్తే. నాకు 34 ఏళ్లు, వచ్చే మార్చికి 35 నిండుతాయి. ఇంటర్ బైపీసీ, తెలుగు మీడియం, 61 శాతం. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా చదువంతా జగ్గయ్యపేటలోనే, పుట్టిల్లు కూడా అక్కడే. పెళ్లయి ఖమ్మం వచ్చి పన్నెండేళ్లు. పెద్దమ్మాయి నాలుగో తరగతి, చిన్నవాడు యూకేజీ. మావారు నెలలో సగం రోజులు బయటి ఊళ్లలో ఉంటారు. అత్తయ్యగారు ఇంట్లోనే ఉంటారు కానీ మోకాళ్ల నొప్పులు, పిల్లల్ని స్కూల్ బస్సు దాకా దింపడం ఆవిడ వల్ల కాదు.

హాస్పిటల్ వైపు ఏదైనా చదివి ఉద్యోగం చేయాలని ఉంది. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా), డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా), డీఫార్మసీ (ఫార్మసిస్టు డిప్లొమా), మెడికల్ కోడింగ్ (రోగుల రికార్డులను బిల్లుల కోసం కోడ్‌లుగా మార్చే పని) అని తలా ఒకటి చెబుతున్నారు. "ఆరు నెలల్లో నర్సు" అని ఒక సంస్థ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. వయసు అడ్డొస్తుందా? ఏ ఉద్యోగానికి ఏ టైములు? మెమోల్లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉన్నాయి, ఇబ్బందా? తెలిసినవాళ్లు చెప్పండి.

వార్డు_పాఠాలు

ముందు వయసు సంగతి చూద్దామమ్మా, మీకు టైము లేనిది అక్కడే. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం జీఎన్ఎంలో చేరడానికి గరిష్ఠ వయసు 35. దాన్ని చేరే ఏడాది డిసెంబరు 31కి లెక్కగడతారు. మీకు మార్చిలో 35 నిండితే ఈ ఏడాది అడ్మిషనే ఆఖరిది, వచ్చే ఏడాది డిసెంబరుకి దాటిపోతారు. రెండేళ్ల ఏఎన్ఎం (ఊళ్లలో పనిచేసే ఆరోగ్య కార్యకర్త కోర్సు), అంటే మన దగ్గర ఎంపీహెచ్‌డబ్ల్యూ ఫిమేల్‌కీ ఇదే వయసు షరతు.

జీఎన్ఎం మూడేళ్లు, చివరి ఆరు నెలల ఇంటర్న్‌షిప్ అందులోనే. పాస్ మార్కులు 50 శాతం. పిల్లల తల్లులు ఇబ్బంది పడేది పాఠాల దగ్గర కాదు, హాజరు దగ్గర. పరీక్షకు కూర్చోవాలంటే థియరీలోనూ ప్రాక్టికల్‌లోనూ 80 శాతం ఉండాలి. సర్టిఫికెట్ చేతికి రావాలంటే మాత్రం క్లినికల్ పోస్టింగులు (ఆసుపత్రి వార్డుల్లో చేసే డ్యూటీలు) నూటికి నూరు శాతం పూర్తి కావాలి. చిన్నవాడికి జ్వరమొచ్చి లేబర్ రూమ్ పోస్టింగ్‌లో మూడు రోజులు మానేస్తే ఆ మూడు రోజులూ తర్వాత చేసి తీరాలి. సాధారణంగా సెలవుల్లో చేయిస్తారు. నెల రోజులు బాకీ పడితే తోటివాళ్లు రిజిస్ట్రేషన్‌కి వెళ్తుంటే మీరు వార్డులోనే మిగిలిపోతారు. కొన్ని స్కూళ్లలో హాస్టల్ తప్పనిసరి. డే స్కాలర్‌గా తీసుకుంటారా అన్నది ఫీజు కంటే ముందు అడగాల్సిన ప్రశ్న.

ఉద్యోగం టైములు: ప్రభుత్వాసుపత్రుల్లో మామూలుగా ఉదయం 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8, రాత్రి 8 నుంచి ఉదయం 8. ప్రైవేటులో పన్నెండు గంటల డ్యూటీలు ఎక్కువ. మీ పరిస్థితిలో చూడాల్సింది ఉదయం 8కి మొదలయ్యే డ్యూటీ. ఏడింటికల్లా ఇంట్లోంచి బయటపడాలి. ఆ టైముకి పిల్లలకి టిఫిన్ పెట్టి బస్సెక్కించేది ఎవరు? దానికి జవాబు దొరికితే నర్సింగ్‌ని మించిన దారి లేదని నా గట్టి అభిప్రాయం. జీఎన్ఎం తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేస్తే టీచింగ్ వైపు కూడా వెళ్లొచ్చు. జవాబు దొరక్కపోతే ఏఎన్ఎం గురించి ఆలోచించండి. సబ్‌సెంటర్ (ఊరి ఆరోగ్య ఉపకేంద్రం) పనిలో ఆసుపత్రి వార్డులా రాత్రి షిఫ్టుల వంతులు ఉండవు. కానీ బుధవారం, శనివారం టీకాలు, మిగతా రోజుల్లో ఇంటింటికీ తిరగడం, వేళకాని వేళ కాన్పు కేసుకి ఫోన్లు మాత్రం తప్పవు.

ఆ ఆరు నెలల వాళ్ల ఫోన్ ఎత్తకండి. అలాంటి కోర్సుతో వచ్చేది పేషెంట్ కేర్ అసిస్టెంట్ పని. రోగికి స్నానం చేయించడం, పక్క మార్చడం, వీల్‌చెయిర్ తోయడం. గౌరవమైన పనే, కాదనను. కానీ ఆ కాగితంతో నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ అవ్వదు, రిజిస్ట్రేషన్ లేనివాళ్లు నర్సు కారు. ఏ స్కూలైనా సరే, మీరు చేరే విద్యా సంవత్సరానికి దాని పేరు కౌన్సిల్ జాబితాలో ఉందో లేదో చూడండి. నిరుటి జాబితాలో ఉంటే సరిపోదు.

మైక్రోస్కోప్_మనిషి

డీఎంఎల్‌టీ రెండేళ్లు. తెలంగాణలో, ఆంధ్రాలో వేర్వేరు పారామెడికల్ బోర్డులు ఉన్నాయి. సీట్లలో మొదటి ప్రాధాన్యం బైపీసీ వాళ్లకే, మిగిలితే ఎంపీసీ, ఆ తర్వాతే ఇతర గ్రూపులు. కాబట్టి మీ గ్రూపు మీకు కలిసొస్తుంది. దూరవిద్యలో డీఎంఎల్‌టీ ఇప్పిస్తామనేవాళ్లకి పైసా కట్టకండి, ఆ సర్టిఫికెట్‌తో బోర్డు రిజిస్ట్రేషన్ రాదు.

ల్యాబ్ అంటే తొమ్మిదింటి నుంచి ఐదింటి దాకా ఉద్యోగం అనుకుంటారు. ప్రైవేటులో అది నిజం కాదు. పరగడుపు రక్తపరీక్షలన్నీ ఉదయం ఆరున్నర నుంచి పదిలోపే వస్తాయి. ఇళ్లకు వెళ్లి శాంపిల్ తెచ్చే పనైతే ఇంకా ముందే. సరిగ్గా మీ పిల్లల బస్సు వేళ అన్నమాట. పీహెచ్‌సీ ల్యాబ్ మాత్రం ఓపీతో పాటు 9 నుంచి 4 వరకు. పెద్దాసుపత్రుల్లో కలెక్షన్ వేరు, మెషీన్ల దగ్గర పని వేరు. ఇంటర్వ్యూలోనే "కలెక్షన్‌లో వేస్తారా, బెంచ్ మీదా" అని అడగండి.

పని ఎలా ఉంటుందో తెలియడానికి ఒక్క రక్తం తీయడం తీసుకుందాం. టోర్నికేట్ (చేతికి బిగించే పట్టీ) మోచేతి మడత నుంచి మూడు నాలుగు అంగుళాల పైన కట్టాలి, నిమిషం దాటనివ్వకూడదు. దాటితే రక్తం చిక్కబడి రిపోర్టు మారుతుంది. గొట్టాలకు వరస ఉంది. ముందు నీలి మూత, తర్వాత ఎరుపు లేదా పసుపు, ఆ తర్వాత ఊదా, చివర బూడిద రంగు. ఊదా మూత గొట్టంలో ఉండేది పొటాషియం ఈడీటీఏ, రక్తం గడ్డకట్టకుండా ఆపే రసాయనం. దాని తర్వాత ఎర్ర మూత గొట్టం నింపితే ఆ రసాయనం చుక్క అంటుకున్నా పొటాషియం లేనిపోని ఎక్కువ, కాల్షియం లేనిపోని తక్కువ చూపిస్తుంది. ఆ రిపోర్టు చూసి డాక్టర్ అక్కర్లేని మందు రాస్తాడు. ఊదా గొట్టాన్ని ఎనిమిది పదిసార్లు మెల్లగా తిరగేయాలి. తిరగేయకపోతే చిన్న గడ్డ కట్టి ప్లేట్‌లెట్లు తక్కువ పడతాయి. డెంగీ రోజుల్లో ఆ ఒక్క పొరపాటుకి ఇంటిల్లిపాదీ హడలిపోతారు. నీలి గొట్టంలో గీత దాకా రక్తం పడాల్సిందే, తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు సిట్రేట్ (అదీ గడ్డకట్టనివ్వని రసాయనమే) లెక్క. ఇలాంటి వాటి మీద శ్రద్ధ పెట్టగలిగే మనిషైతే ఈ పనిలో బాగా రాణిస్తారు.

రంగులు గుర్తుపట్టడంలో తేడా ఉంటే మాత్రం చేరకముందే కంటి పరీక్ష చేయించుకోండి.

గుంటూరు_ఫార్మా

డీఫార్మసీ గురించి నాలుగు ముక్కలు. రెండేళ్ల చదువు, ఆ పైన మూడు నెలలకు తగ్గకుండా 500 గంటల ప్రాక్టికల్ ట్రైనింగ్. థియరీకి, ప్రాక్టికల్స్‌కి విడివిడిగా 75 శాతం హాజరు. కెమిస్ట్రీ మర్చిపోయినవాళ్లకి మొదటి ఏడాది బరువుగానే ఉంటుంది. తర్వాత ఈసెట్ (డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష) రాసి బీఫార్మసీ రెండో ఏడాదిలో చేరొచ్చు. షాపుల్లో సాయంత్రం ఐదు నుంచి రాత్రి పది వరకు గిరాకీ ఎక్కువ, ఆ వేళకు మీ పిల్లలు హోంవర్కు ముందు కూర్చుంటారు, అది ఆలోచించుకోండి. పాసయ్యాక "సర్టిఫికెట్ మా షాపుకి ఇవ్వండి, మీరు రానక్కర్లేదు, నెలనెలా డబ్బులిస్తాం" అంటూ వస్తారు. ఒప్పుకోవద్దు అక్కా. రిజిస్టర్డ్ ఫార్మసిస్టు లేకుండా మందులు ఇవ్వడం 1948 ఫార్మసీ చట్టం ప్రకారం నేరం. అక్కడ ఏం జరిగినా గోడకి వేలాడేది మీ పేరు.

ఇంకో సంగతి. ఆంధ్రాలో కాంట్రాక్టు ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు పోస్టులకు రాతపరీక్ష లేకుండా మెరిట్ వేసేటప్పుడు 100లో 75 మార్కులు మీ కోర్సు మెమోలోని శాతం నుంచి వస్తాయి. పాసైన తర్వాత గడిచిన ప్రతి ఏడాదికి ఒక మార్కు చొప్పున 10 వరకు, కాంట్రాక్టు సర్వీసుకి 15 వరకు. కాబట్టి ఆంధ్రా వైపు వెళ్తే "పాసైతే చాలు" అనుకోవద్దు. డిప్లొమాలో 60 శాతం తెచ్చుకున్నవాళ్లకి, 80 తెచ్చుకున్నవాళ్లకి మధ్య అక్కడే 15 మార్కుల తేడా.

కోడింగ్_కుర్చీ

మెడికల్ కోడింగ్ మీకు ఇప్పుడు వద్దండి. హైదరాబాద్ కంపెనీలు ఎక్కువగా డిగ్రీ అడుగుతాయి, లైఫ్ సైన్సెస్, ఫార్మసీ, నర్సింగ్ వాళ్లకి మొగ్గు. కోడర్ల సర్టిఫికెట్ కోసం రాసే సీపీసీ పరీక్ష 100 ప్రశ్నలు, 4 గంటలు, 70 శాతం రావాలి. పాసైనా పేరు చివర "ఏ" అనే అప్రెంటిస్ గుర్తు ఉంటుంది, అది పోవాలంటే అనుభవం చూపించాలి. ఇంటర్‌తోనే ఉద్యోగం గ్యారంటీ అనే ఇన్‌స్టిట్యూట్‌కి లక్షలు కట్టకండి. జీఎన్ఎం లేదా బీఫార్మసీ పూర్తయ్యాక ఈ తలుపు ఎలాగూ తెరిచే ఉంటుంది.

సర్టిఫికెట్ల_సంచి

చెల్లెమ్మా, మీ పోస్టులో అందరూ దాటేసిన మాట "చదువంతా జగ్గయ్యపేటలోనే". మీ నిర్ణయం సగం దాని మీదే ఉంది.

సీట్లలో, ఉద్యోగాల్లో లోకల్ (స్థానికులు) ఎవరన్నది చదువుకున్న చోటును బట్టి తేలుస్తారు, అత్తిల్లు ఎక్కడన్నది లెక్కలోకి రాదు. జగ్గయ్యపేట ఆంధ్రాలోది కాబట్టి అడ్మిషన్లలో మీరు ఆంధ్రా లోకల్. తెలంగాణలో మొత్తం పదేళ్లు నివాసం ఉన్నట్టు తహసీల్దారు ధ్రువపత్రం తెచ్చుకుంటే లోకల్ కోటాలో లేని 15 శాతం అన్‌రిజర్వుడ్ సీట్లకు పోటీ పడొచ్చు. మీకు పన్నెండేళ్లయింది కాబట్టి ఆ అవకాశం ఉంది, ఈ ఏడాది నోటిఫికేషన్‌లో ఆ వాక్యం వెతికి చదవండి. సీటు సరే, ఉద్యోగం మాటేమిటి? తెలంగాణ ప్రభుత్వ పోస్టుల్లో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 95 శాతం లోకల్ వాళ్లవి, అక్కడ చూసేది ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివారని. 2024లో వచ్చిన ల్యాబ్ టెక్నీషియన్, స్టాఫ్ నర్స్ నోటిఫికేషన్లకు వయసు 46 దాకా ఇచ్చారు, పరీక్షకి 80 మార్కులు, కాంట్రాక్టు సర్వీసుకి 20 పెట్టారు. అదే వయసు పరిమితి ఉంటే మీకు సరిపోతుంది, కానీ మిగిలిన 5 శాతం పోస్టుల్లోనే పోటీ పడాలి. ప్రైవేటు ఉద్యోగమే చాలనుకుంటే ఖమ్మంలో చదవండి. ప్రభుత్వ ఉద్యోగమే లక్ష్యమైతే ఆంధ్రా బోర్డు కోర్సు, ఆంధ్రా రిజిస్ట్రేషన్ మేలు. పుట్టిల్లు అక్కడే ఉంది కాబట్టి మీ అమ్మగారితో ఒకసారి మాట్లాడి చూడండి.

పేరు గురించి: మెమో మార్చే ప్రయత్నం చేయకండి, ఆధార్‌నే టెన్త్ మెమోకి సరిపోయేలా, అక్షరం తేడా లేకుండా మార్పించండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు. పెళ్లప్పుడు ఒకసారి మార్చి ఉంటే ఇంకొక్కటే మిగిలింది, ఫారంలో ప్రతి అక్షరం చూసుకుని సంతకం పెట్టండి. తర్వాత బ్యాంకు ఖాతాలో కూడా అదే పేరు పెట్టించాలి, లేకపోతే స్కాలర్‌షిప్ డబ్బులు వెనక్కి పోతాయి. కులధ్రువపత్రం పుట్టింటి వైపుది, భర్తది చెల్లదు. చదువు మానేసిన ఏళ్లకి నోటరీ చేయించిన గ్యాప్ అఫిడవిట్ అడుగుతారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే) సీటుకే వస్తుంది, దానికీ వయసు షరతు ఉంది. "తర్వాత వస్తుందిలే" అని మేనేజ్‌మెంట్ సీటులో చేరొద్దు.

ఒరిజినల్స్ ఇచ్చేటప్పుడు ఏవేవి ఇచ్చారో కాలేజీ ముద్రతో రాయించుకోండి. మధ్యలో మానేస్తే మొత్తం కోర్సు ఫీజు కడితేనే తిరిగిస్తామనే కాలేజీలు ఉన్నాయి. ఆ షరతు ఉందా లేదా అన్నది చేరేముందే కాగితం మీద తీసుకోవాలి.

ఖమ్మం_కోడలు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. లోకల్ సంగతి అస్సలు తెలియదు. అమ్మతో మాట్లాడాను, పిల్లల్ని జగ్గయ్యపేట స్కూల్లో వేస్తే పొద్దున పూట తను చూసుకుంటానంది. అలాగైతే ఆంధ్రాలో డీఎంఎల్‌టీ వైపే మొగ్గుతున్నాను. తెలుగు మీడియం భయం ఉంది. కాలేజీ తెరిచేలోపు ఏం చేయాలి?

మైక్రోస్కోప్_మనిషి

మీ ఇంటర్ జువాలజీ పుస్తకమే ఇంగ్లీషు మీడియంది కొనండి. రక్తం, మూత్రపిండాలు, రోగనిరోధకత, ఈ మూడు పాఠాలు పక్కపక్కన తెలుగుదీ ఇంగ్లీషుదీ పెట్టుకుని చదవండి. విషయం తెలిసిందే కాబట్టి మాటలే కొత్త. రోజుకి పది మాటలు, స్పెల్లింగుతో సహా రాయండి. "హెమటో" అంటే రక్తం, "హెపటో" అంటే కాలేయం, "ఐటిస్" అంటే వాపు. ఇలాంటి ముక్కలు ఓ వంద పట్టుబడితే మిగతావి విడదీసుకుని చదవగలరు.

రెండోది, హెపటైటిస్ బి టీకా ఇప్పుడే మొదలుపెట్టండి. ఇవాళ ఒకటి, నెలకి రెండోది, మొదటిదాని నుంచి ఆరు నెలలకి మూడోది. అయ్యాక ఒకటి రెండు నెలల్లో యాంటీ హెచ్‌బీఎస్ పరీక్ష (టీకా పనిచేసిందో లేదో చూసే రక్తపరీక్ష) చేయిస్తే 10 లేదా ఆపైన రావాలి. సూదులు పట్టే ముందు కనీసం రెండు డోసులైనా పడి ఉండాలి. వాడిన సూదికి మూత తిరిగి పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పినా, కొత్తవాళ్ల వేళ్లకి సూది గుచ్చుకునేది ఎక్కువగా అలాగే.

కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు బిల్డింగు చూసి రావద్దు. ఏ ఆసుపత్రిలో ప్రాక్టికల్స్, అక్కడ రోజుకి ఎన్ని శాంపిల్స్ వస్తాయి, విద్యార్థి చేత నిజంగా రక్తం తీయిస్తారా అని అడగండి. రెండో ఏడాది పిల్లలు ఒకరిద్దరిని పక్కకి పిలిచి అదే ప్రశ్న మళ్లీ అడగండి.