గేమ్ ఓపెన్ చేయగానే ప్రాసెసర్ 95 డిగ్రీలు, లిక్విడ్ కూలర్ కొనాల్సిందేనా?

రాత్రిగేమర్:
ప్రాసెసర్ రైజెన్ 5 5600ఎక్స్, దాని డబ్బాలో వచ్చిన కూలరే ఇప్పటికీ. ఊరికే ఉన్నప్పుడు 50, గేమ్ పెడితే రెండు మూడు సెకన్లలో 95కి ఎగబాకుతోంది, ఫ్యాన్ హోరుకి తల పగిలిపోతోంది, పైగా ఫ్రేములు పడిపోతున్నాయి. దుమ్మంతా ఊదేశాను, ఏం తేడా లేదు. లిక్విడ్ కూలర్ వేస్తే తగ్గుతుందా?

పాతడబ్బా:
అప్పుడే డబ్బులు పెట్టకండి. 95 దగ్గర ఉన్నప్పుడే సిస్టమ్ ఆపేసి వెంటనే కూలర్‌లోని హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు దిమ్మ) రెక్కల మీద వేలు పెట్టి చూడండి. లోపల ప్రాసెసర్ అంత మండుతూ రెక్కలు గోరువెచ్చగా ఉన్నాయంటే వేడి అసలు పైకే రావట్లేదు, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే పేస్ట్ ఎండిపోయిందో, స్క్రూ వదులైందో. గాలి ఆడకపోతే వేడి ఇలా ఒక్కసారిగా పెరగదు, నిమిషాల మీద నెమ్మదిగా ఎక్కుతుంది.

ఇంకోటి, కూలర్ తీసేముందు కాసేపు గేమ్ నడిపి, పేస్ట్ మెత్తబడ్డాక పవర్ తీసేసి, అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయండి. చల్లగా ఉన్నప్పుడు గుంజితే మదర్‌బోర్డ్‌లోని ఏఎమ్4 సాకెట్‌లోంచి ప్రాసెసర్ కూడా అతుక్కుని వచ్చేస్తుంది, పిన్నులు వంగితే పెద్ద తలనొప్పి. పాత పేస్ట్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది బఠాణీ గింజంత చాలు. స్క్రూలు మాత్రం ఎదురెదురు మూలలవి కొంచెం కొంచెంగా బిగించండి.

వోల్ట్‌మీటర్:
పై మాటే నాదీ. బయోస్‌లో, అంటే సిస్టమ్ ఆన్ అవుతున్నప్పుడు తెరిచే సెట్టింగ్స్‌లో, పీబీఓ (ప్రాసెసర్‌ని మామూలు పరిమితి దాటి పరిగెత్తించేది) ఆన్‌లో ఉందేమో కూడా చూడండి, ఆ చిన్న కూలర్‌కి అది మోయలేని భారం. మామూలు సెట్టింగ్స్‌లో ఈ చిప్ 76 వాట్లు దాటదు, దానికి లిక్విడ్ దేనికండీ, ఓ మోస్తరు టవర్ కూలర్ (ఎత్తైన హీట్‌సింక్‌కి ఫ్యాన్ తగిలించినది) ఎక్కువే. బయోస్‌లోనే వోల్టేజ్ సర్దే కర్వ్ ఆప్టిమైజర్‌లో మైనస్ 10తో మొదలుపెడితే వోల్టేజ్ తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది. సిస్టమ్ క్రాష్ అయితే ఒక మెట్టు వెనక్కి రండి, అంతే.

ఎవరో పేస్ట్ బదులు లిక్విడ్ మెటల్ పూయమంటారు, ఆ జోలికి పోకండి. అందులో గాలియం ఉంటుంది, మీ కూలర్ అడుగు అల్యూమినియం, తినేస్తుంది.

రాత్రిగేమర్:
రెక్కలు నిజంగానే గోరువెచ్చగా ఉన్నాయి! తీసి చూస్తే పేస్ట్ పొడిపొడిగా రాలింది. కొత్తది వేశాక అదే గేమ్‌లో 80 దాటట్లేదు. ఫ్యాన్ మాత్రం ఉండుండి ఒక్కసారిగా అరుస్తోంది, దానికేం చేయాలి?

పాతడబ్బా:
ఈ చిప్ క్షణంలో పది డిగ్రీలు ఎక్కి దిగుతూనే ఉంటుంది, ఫ్యాన్ దాని వెంట పరిగెడుతోంది. బయోస్ ఫ్యాన్ సెట్టింగ్స్‌లో స్టెప్ అప్ టైమ్ (ఫ్యాన్ వేగం పెరగడానికి తీసుకునే సమయం) అని ఉంటుంది, కొన్ని సెకన్లు పెంచండి, 65 డిగ్రీల వరకు స్పీడ్ ఒకేలా పెట్టేయండి.